ఆ పొగ పట్టడానికి మన డబ్బెందుకు?

మీ ప్రశ్న – నా జవాబు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది గాజువాక. మా వారు స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. కార్బన్ క్యాప్చర్‌కి కేంద్ర బడ్జెట్‌లో 20 వేల కోట్లు పెట్టారని టీవీలో విన్నాం. పొగ వదిలేది కంపెనీలు, లాభాలూ వాళ్ళవే. ఆ పొగ పట్టడానికి మన పన్నుల డబ్బెందుకండీ? మేడ మీద బట్టలారేస్తే సాయంత్రానికి నల్లటి పొడి పడుతోంది. పోనీ ఈ డబ్బుతో ఆ దుమ్మైనా ఆగుతుందా? మా వారు పెట్టాల్సిందే అంటారు, నేను వద్దంటాను. రెండు రోజులుగా ఇంట్లో ఇదే వాదన.
– ఒక గృహిణి, గాజువాక

జవాబు: అమ్మా, ముందు మీ మేడ సంగతి చెబుతాను. ఈ డబ్బుతో ఆ దుమ్ము ఆగదు. పేరులో ‘కార్బన్’ ఉంది కాబట్టి చాలామంది మీలాగే అనుకుంటున్నారు. మీ బట్టల మీద పడేది బొగ్గు పొడి, బూడిద, ఖనిజం దుమ్ము. వాటిని ఆపడానికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. కప్పు ఉన్న కన్వేయర్లు, బొగ్గు గుట్టల మీద నీళ్ళు చల్లే ఏర్పాటు, బ్యాగ్ ఫిల్టర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిని సరిగ్గా నడపమని అడగడం మన హక్కు. అడుగుతూనే ఉండాలి.

కార్బన్ క్యాప్చర్ పట్టేది కంటికి కనిపించని, భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్‌ని. మా చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో బొగ్గుపులుసు వాయువు అనేవారు. దాన్ని పట్టడం మీకూ తెలుసు. సున్నపు తేటలో గొట్టం పెట్టి ఊదితే పాలలా తెల్లబడుతుంది కదా, మన ఊపిరిలోని ఆ వాయువును సున్నం పట్టేసిందన్నమాట. పండక్కి గోడకు వేసిన సున్నం నాలుగు రోజులకు గట్టిపడేదీ గాలిలోంచి ఆ వాయువును పీల్చుకునే. పట్టడం ఇంత తేలిక. మరి కష్టమెక్కడ? పట్టినదాన్ని విడిపించడంలో. విడిపిస్తేనే ఆ వాయువును వాడుకోవడానికో, భూమి లోపల దాయడానికో వీలవుతుంది. సున్నపురాయిని బట్టీలో ఎర్రగా కాలిస్తే గానీ ఆ వాయువు బయటికి రాదు. పట్టడానికి చౌక, విడిపించడానికి మంట. ఈ రంగంలో ఖర్చంతా ఆ రెండో పనిదే.

నేను ఉద్యోగంలో చేరింది ఒక యూరియా కర్మాగారంలో. అక్కడ ఈ వాయువును పట్టే టవర్ రోజూ నడిచేది. అమ్మోనియా తయారీలో వచ్చే వాయువును ఒక ద్రావణంతో కడిగి, వేడి చేసి విడిపించి, అదే యూరియాలోకి పంపేవాళ్ళం. మరి అక్కడ ఎప్పటి నుంచో జరుగుతున్నది థర్మల్ ప్లాంటులో ఎందుకు జరగదు అంటే, యూరియా ప్లాంటులో గ్యాసు శుభ్రంగా, మంచి ప్రెషర్‌లో వస్తుంది. చిమ్నీలోకి పోయే పొగలో ప్రెషర్ ఉండదు. వంద పాళ్ళలో 12 నుంచి 15 పాళ్ళే ఈ వాయువు, మిగిలినదంతా ఎక్కువగా నత్రజని. పైగా బూడిద, గంధకం.

ఆ పొగ ఎలాంటిదో నేను కళ్ళారా చూశాను. 2009లో ప్రభుత్వ గ్రాంటుతో ఒకచోట చిన్న పైలట్ ప్లాంటు పెట్టారు. నన్ను సలహాకు పిలిచారు. గ్యాసు సిలిండర్లు తెచ్చి ల్యాబులో నడిపినంత కాలం వందకు 90 పాళ్ళు పట్టేసింది. అందరికీ సంతోషం. తర్వాత దాన్ని నిజం బాయిలర్ పొగకు కలిపారు. మొదటి రోజు ఈ వాయువును పట్టే మోనోఇథనాల్ అమైన్ అనే రసాయన ద్రావణం మంచినీళ్ళలా ఉంది. రోజుకో సీసా తీసి కిటికీ గట్టు మీద వరసగా పెట్టించాను. నాలుగో సీసా లేత పసుపు, ఏడోది తేనె రంగు, పదకొండోది టీ డికాక్షన్. మూత తీస్తే ఎండుచేపల వాసన. ఆ రాత్రి రెండింటికి షిఫ్టులో ఉన్న కుర్రాడు ఫోన్ చేశాడు, “మేడం, టవర్ పైనుంచి నురగ పొంగుతోందండీ, ఆపేయమంటారా” అని. ఆపేయమన్నాను. గంధకం అమైన్‌తో కలిసి విడిపించలేని ఉప్పుగా మారిపోతోంది, సన్నటి బూడిద నురగను పెంచుతోంది.

అది తప్పేమీ కాదమ్మా. పరిశోధన అంటే అదే. నాకు బాధ కలిగించింది ఆ తర్వాత జరిగింది. పైకి పంపిన రిపోర్టులో సిలిండర్ గ్యాసుతో వచ్చిన 90 పాళ్ళ లెక్క ఒక్కటే ఉంది. ఆ పదకొండు సీసాల మాట ఒక్క వాక్యం కూడా లేదు. నేను రాసిచ్చిన నాలుగు పేజీలు ఫైల్లోనే ఉండిపోయాయి. ఐదేళ్ళకు ఇంకో ఊళ్ళో ఇంకో బృందం, మళ్ళీ ప్రజల డబ్బుతోనే, అదే ద్రావణంతో, గంధకం తీయకుండానే మొదలుపెట్టి అదే నురగ చూసింది. అక్కడ పనిచేసే నా పాత విద్యార్థిని చెబితే గానీ నాకు తెలియలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మన డబ్బెందుకు? ఒక లెక్క చూడండి. మన పరవాడ దగ్గర సింహాద్రిలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. అలాంటి ఒక యూనిట్ పూర్తి లోడులో నడిస్తే రోజుకు పది వేల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్‌లో సరిగ్గా అలాంటి 500 మెగావాట్ల యూనిట్ దగ్గరే ఎన్‌టీపీసీ 2022లో క్యాప్చర్ ప్లాంటు పెట్టింది. అది పట్టేది రోజుకు 20 టన్నులు. అంటే ఆ యూనిట్ వదిలే మూడు నిమిషాల పొగ. జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ 2021లో బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసు మీద పెట్టింది రోజుకు 5 టన్నులది. మీ వారిని అడగండి, ఆ గ్యాసులో ఇంచుమించు ఐదో వంతు ఇదే ఉంటుందని ఆయనే చెబుతారు. రోజుకు 20 టన్నుల నుంచి వేల టన్నులకు వెళ్ళే దారిలో ఏ బ్యాంకూ అప్పివ్వదు, ఏ కంపెనీ తన లాభాన్ని పణంగా పెట్టదు. పట్టిన వాయువుకు కొనేవాడు లేడు, వదిలినందుకు అడిగేవాడు లేడు. ఆ మధ్య దారిలోనే ప్రజల డబ్బు అవసరం. 20 వేల కోట్లు ఐదేళ్ళకు. మనిషికి లెక్కేస్తే ఏడాదికి 30 రూపాయలు కూడా కాదు. అందుకని వాదనలో సగం మీ వారిదే గెలుపు.

మిగతా సగం మీది. డబ్బు పోసినంత మాత్రాన పని జరగదు. అమెరికా ఇంధన శాఖ 2009 తర్వాత బొగ్గు ప్లాంట్లలో ఎనిమిది క్యాప్చర్ ప్రాజెక్టుల మీద దాదాపు 68 కోట్ల డాలర్లు పెడితే నడిచే దశకు వచ్చింది ఒక్కటే. అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2021లో ఈ మాట రాసింది. మైలురాళ్ళు దాటని ప్రాజెక్టులకు కూడా డబ్బు ఆపలేదని తప్పుపట్టింది. ఆ ఒక్కటీ టెక్సాస్‌లోని పెట్రా నోవా. పట్టిన వాయువును చమురు బావుల్లోకి పంపి చమురు తీసేవాళ్ళు. 2020లో చమురు ధర పడగానే ఆపేశారు, మళ్ళీ 2023లో గానీ మొదలుపెట్టలేదు. నార్వేలో దారి వేరు. 1991లో కార్బన్ మీద పన్ను వేశారు. పన్ను కట్టడం కంటే పాతిపెట్టడమే చౌక అని చమురు కంపెనీ లెక్క చూసుకుంది. 1996 నుంచి స్లైప్నర్ అనే గ్యాసు క్షేత్రం దగ్గర సముద్రం అడుగున ఇసుకరాతి పొరల్లోకి ఏడాదికి పది లక్షల టన్నుల దాకా పంపుతూ వచ్చింది. పరిశోధనకు డబ్బు మనం ఇద్దాం, వదిలినదానికి ఖర్చు కంపెనీ భరించాలి. రెండూ కలిసి రావాలి.

ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. బడ్జెట్ ఐదు రంగాలు చెప్పింది: విద్యుత్, ఉక్కు, సిమెంట్, రిఫైనరీలు, రసాయనాలు. నన్నడిగితే సిమెంటుకూ ఉక్కుకూ ముందు పెట్టమంటాను. సున్నపురాయి వంద కిలోలు పూర్తిగా కాల్చితే 44 కిలోలు కార్బన్ డయాక్సైడే. కింద మంట సోలార్ కరెంటుతో పెట్టినా ఆ 44 కిలోలు రాక తప్పదు, అది రాయిలోంచే వస్తుంది. కరెంటుకైతే వేరే దారులున్నాయి. సింహాద్రి రిజర్వాయరు మీదే 25 మెగావాట్ల తేలే సోలార్ పలకలు 2021 నుంచి కనిపిస్తున్నాయి కదా. పైగా థర్మల్ ప్లాంటులో పట్టినది విడిపించడానికి ఆ బాయిలర్ ఆవిరే వాడాలి, దానివల్ల ప్లాంటు చేసే కరెంటులో ఐదో వంతు పోతుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. ఇంకో మాట. అమైన్ బతకాలంటే ముందు గంధకం తీసే ఎఫ్‌జీడీ యూనిట్ ఉండాలి. 2025 జూలైలో కేంద్రం చాలా థర్మల్ ప్లాంట్లకు ఆ నిబంధనే సడలించింది. గంధకం తీయని చిమ్నీకి క్యాప్చర్ గ్రాంటు ఇస్తే నా పదకొండు సీసాలు మళ్ళీ వరస కడతాయి.

అందుకే ప్రతి గ్రాంటు కాగితం మీద రెండు షరతులు రాయాలని నేను పోయినచోటల్లా అడుగుతున్నాను. ఒకటి, లెక్కలు నిజం పొగతో నడిపినవే చూపాలి, ఎన్ని గంటలు నడిచిందో రాయాలి. రెండు, చెడిపోయినవాటితో సహా ఫలితాలన్నీ అందరూ చదివేలా బయట పెట్టాలి. మన డబ్బుతో వచ్చిన నురగ కూడా మనదే.

ప్రశ్న: 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ గ్యాసు వచ్చినప్పుడు పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తినవాళ్ళం. ఇప్పుడు ఇంకో గ్యాసును పట్టి, పైపుల్లో తెచ్చి, మన కొండల్లో దాస్తారా?
– గోపాలపట్నం పాఠకుడు

జవాబు: మన కొండల్లో దాయలేరండీ. విశాఖ కొండలు ఖొండలైట్ రాయి. వాయువును పీల్చి పట్టి ఉంచే సందులు అందులో ఉండవు. దాయడానికి కృష్ణా-గోదావరి బేసిన్ లాంటి అవక్షేప పొరలు కావాలి, లేదా దక్కను బసాల్ట్, అంటే లావా గట్టిపడిన నల్లరాయి. బసాల్ట్ మీద హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) చాలాకాలంగా పనిచేస్తోంది. ఐస్‌లాండ్‌లో నీళ్ళతో కలిపి బసాల్ట్‌లోకి పంపిన వాయువులో 95 శాతానికి పైగా రెండేళ్ళ లోపే రాయిగా మారిందని 2016లో తేల్చారు.

పైపుల విషయంలో మీ భయం న్యాయమైనది, తీసిపారేయను. కార్బన్ డయాక్సైడ్ మండదు, కానీ గాలి కంటే బరువు. పల్లంలోకి పాకి ఊపిరి ఆడనివ్వదు. 2020 ఫిబ్రవరిలో మిసిసిపీలోని సటార్షియా అనే చిన్న ఊరి దగ్గర వానలకు మట్టి జారి ఈ వాయువు పైపు పగిలింది. కార్ల ఇంజన్లు సైతం ఆగిపోయాయి. 45 మంది ఆస్పత్రికి వెళ్ళారు, 200 మందిని ఖాళీ చేయించారు. విశాఖ చుట్టూ కొండలున్న గిన్నె లాంటి ఊరు. గాలి కదలని తెల్లవారుజామున అలాంటిది జరిగితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. వాసన కలపడం, సెన్సర్లు, ఇళ్ళకు దూరంగా పైపు దారి, సైరన్ మోగితే ఎటు పోవాలో ఊరివాళ్ళకు ముందే నేర్పడం, ఇవన్నీ పరిశోధనలో భాగమే. వీటికి విడిగా డబ్బు కేటాయించారా అని ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిన రోజు మీరే మైకు తీసుకుని అడగండి. నేను ఊళ్ళో ఉంటే పక్కన నిలబడతాను.

ప్రశ్న: మేడం, నేను కెమికల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. చేశాను. ఈ రంగంలో పీహెచ్‌డీ చేద్దామని ఉంది. ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. ఫెలోషిప్ డబ్బులు నెలల తరబడి రావంటున్నారు. చేరమంటారా?
– అనకాపల్లి విద్యార్థి

జవాబు: చేరు బాబూ. ఫెలోషిప్ ఆలస్యం మాట నిజమే. కాగితం మీద జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37 వేలు. చేతికి రావడానికి మూడు నెలలు పట్టినప్పుడు హాస్టల్ మెస్సు వాళ్ళు ఆగరు. నా దగ్గర చదివిన అమ్మాయి గాజులు తాకట్టు పెట్టింది. 20 వేల కోట్లు ప్రకటించిన దేశంలో ఆ పిల్ల అలా చేయాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కాబట్టి నాలుగు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని వెళ్ళు, ఇంట్లో ఆ మాట ముందే చెప్పు.

గైడ్‌ను ఎంచుకునే ముందు ఒకే ఒక్క ప్రశ్న అడుగు: “సార్, మన రిగ్ ఎప్పుడైనా నిజం పొగ మీద నడిచిందా?” 2025 మేలో సిమెంటు రంగానికి ఐదు టెస్ట్‌బెడ్‌లు, అంటే కార్బన్ క్యాప్చర్‌ను పరీక్షించే కేంద్రాలు, ప్రకటించారు. ఒక్కోదాంట్లో చదువు సంస్థలూ సిమెంటు కంపెనీలూ కలిసి పనిచేస్తాయి. మన తిరుపతి ఐఐటీ ఒకదాంట్లో ఉంది. అలాంటి చోట అడిగి చూడు. చేరాక మొదటి రోజు నుంచీ సీసాలు దాచు, తారీఖు వేసి, మూత బిగించి. థీసిస్‌లో వాటి ఫొటో వేయనివ్వకపోతే నాకు ఉత్తరం రాయి.