డ్రాయింగులు చూపేముందు దరఖాస్తు చేయండి

వెట్ గ్రైండర్‌కు బిగించే కొబ్బరికోరు పరికరం రూపొందించానని, గోప్యతా ఒప్పందంపై సంతకం చేయనన్న పెట్టుబడిదారుకు డ్రాయింగులు చూపవచ్చునా అని మీరు అడిగారు. తొలి సమావేశంలోనే అటువంటి సంతకం చేసేవారు అరుదు కాబట్టి, ఆ నిరాకరణలో దురుద్దేశాన్ని వెతకవద్దు. అయితే డ్రాయింగులను మాత్రం ఇప్పుడే పంపకండి. ముందుగా పేటెంట్ కార్యాలయంలో, ఆవిష్కరణను తాత్కాలికంగా వివరించే పత్రమైన ప్రొవిజినల్ స్పెసిఫికేషన్‌తో దరఖాస్తు చేసి, 12 నెలల్లోగా పూర్తి స్పెసిఫికేషన్ సమర్పిస్తే, మొదటి పత్రంలో మీరు వివరించిన అంశాలకు ఆ తొలి తేదీయే ప్రాధాన్య తేదీ (ఆవిష్కరణ కొత్తదా కాదా అని తేల్చడానికి లెక్కలోకి తీసుకునే తేదీ) అవుతుంది. రాయని అంశానికి ఆ రక్షణ ఉండదు కనుక బ్లేడు అమరికను, చిప్ప జారకుండా పట్టే పిడిని, వేళ్లకు అడ్డుగా పెట్టిన కవచాన్ని బొమ్మలతో సహా వివరించండి.

కొబ్బరి కోరే అటాచ్‌మెంట్లు కొన్ని గ్రైండర్లతో ఇప్పటికే వస్తున్నాయి. వాటికంటే మీది ఎక్కడ భిన్నమో చెప్పగలగడమే, నా దృష్టిలో, అన్నిటికంటే ముఖ్యం. అందుకు స్లయిడ్ల కంటే పనిచేసే నమూనాయే మేలు. హైదరాబాద్‌లోని టీ-వర్క్స్‌లో నమూనాల తయారీకి సదుపాయాలున్నాయి. పెట్టుబడిదారు ఎదుటే ఒక ముదురు చిప్పను కోరి చూపండి. అడుగుకు వచ్చేసరికి కూడా గోధుమరంగు పొర కలవకుండా తెల్లటి కోరు రాలితే, వారి తదుపరి ప్రశ్న తయారీ ఖర్చు గురించే ఉంటుంది. ఆ లెక్కను ముందే సిద్ధం చేసుకొని వెళ్లండి.