లైటు తర్వాత, ముందు మోటారు ఆపి చూడండి

"మొదటిసారి ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టి పగడాలు పెంచాలనుకుంటున్నాను, ఏ లైటు, ఏ స్కిమ్మర్ కొనాలి?" అని అడిగారు. అందరూ అడిగేది ఈ రెండే: లైటు, నీళ్లలోని మురికిని నురగతో లాగేసే స్కిమ్మర్. కరెంటు పోయినప్పుడు ఆ ట్యాంకులో నీళ్లు ఎక్కడికి పోతాయో ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

నాది 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ట్యాంకు. కింద స్టాండులో సంప్ అనే రెండో తొట్టి, అందులోంచి నీళ్లు పైకి తోసే మోటారు. పైన పైపు మూతిని నీళ్లలోకి 6 సెంటీమీటర్లు దించి పెట్టాను, చప్పుడు రాకుండా ఉంటుందని. ఒక రాత్రి కరెంటు పోయింది. మోటారు ఆగగానే అదే పైపు సైఫన్‌లా మారి, పైనుంచి నీళ్లను వెనక్కి లాగడం మొదలుపెట్టింది. మూతికి గాలి తగిలేదాకా ఆగదు కదా. ఈ కొలతల ట్యాంకులో ఒక్క సెంటీమీటరు మట్టం దిగిందంటే 4 లీటర్లు. ఆరు సెంటీమీటర్లకి 24. సంప్‌లో నేను వదిలిన ఖాళీ 12 లీటర్లు. మిగతా 12 లీటర్లు ఎక్కడికి పోయాయో తెల్లారి మంచం దిగినప్పుడు నా కాళ్లకే తెలిసింది. కొంప మునగడమంటే ఇదేనన్నమాట! ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీదే ఉంది. దానికి రెండు వేళ్ల దూరంలో ఆగాయి నీళ్లు. ఆ రోజే బోర్డు గోడ మీదికి ఎక్కింది. ఇప్పుడు ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్తుంది. వైరు వెంట జారిన చుక్క సాకెట్లోకి కాకుండా కింద పడాలి కదా.

కథ అక్కడితో అయిపోలేదు. కరెంటు వచ్చాక మోటారు తిరిగింది, సంప్‌లో మట్టం తగ్గింది. ఆవిరైన నీళ్లకు బదులు మంచినీళ్లు పోసే ఆటోమేటిక్ పరికరం ఉంటుంది చూడండి, అది "ఓహో, నీళ్లు తగ్గాయి" అనుకుని ఆ 12 లీటర్లూ మంచినీళ్లే పోసేసింది. మొత్తం 200 లీటర్ల నీళ్లలో వెయ్యికి 35 పాళ్లు ఉండాల్సిన ఉప్పు 33కి దిగింది. నాకు మాత్రం తెలియలేదు, ఎందుకంటే నా దగ్గర ఉప్పు కొలవడానికి ఉన్నది ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరు. ఆ ముల్లుకి నాలుగు గాలి బుడగలు అంటుకుంటే చాలు, ఉప్పు ఎక్కువ చూపిస్తుంది. రెండు రోజులైనా జోయాంథిడ్‌లు (పగడాల బంధువులు) ముడుచుకునే ఉంటే, వెలుతురు వంగడాన్ని బట్టి ఉప్పు చెప్పే రిఫ్రాక్టోమీటరు స్నేహితుడి దగ్గర్నుంచి తెచ్చి చూశాక బయటపడింది. "మొదట్లో ఇది చాలండీ" అని ఆ ప్లాస్టిక్ డబ్బా అంటగట్టిన దుకాణదారు మీద నాకు ఇప్పటికీ కోపమే. మొదట్లోనే కదా సరైన కొలత కావాల్సింది! రిఫ్రాక్టోమీటరు కొనండి, దాన్ని సరిచూసుకోవడానికి ఉప్పు సరిగ్గా 35 ఉండే ద్రావణం సీసా కూడా కొనండి.

ఇంకో మంట ఆ వీడియోలు. ఒక్కరోజులో పగడాల ట్యాంకు అంటారు, చూపించేది రెండేళ్ల నాటి ట్యాంకు. రాళ్లలో బ్యాక్టీరియా స్థిరపడి చేపలకి విషమైన అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకి రావాలంటే మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

సరే, మీరు చేయాల్సింది ఇది. ఉప్పు కలపకముందే, రాళ్లు పెట్టకముందే ట్యాంకు నిండా మామూలు నీళ్లు పోసి మోటారు తిప్పండి. తర్వాత ప్లగ్ పీకేసి పక్కనే కూర్చోండి. సంప్ పొంగేలా ఉంటే కొన్ని నీళ్లు తోడేసి మళ్లీ చేయండి. పొంగకుండా ఆగిందా, మళ్లీ మోటారు వేసి, అప్పుడు సంప్‌లో నీళ్లు ఎక్కడున్నాయో అక్కడ మార్కర్‌తో గీత గీయండి. ఇక జన్మలో ఆ గీత దాటి పోయకండి. పైపు మూతిని పైకి జరపండి. నీటిమట్టానికి కాస్త దిగువగా పైపుకి చిన్న బెజ్జం వేస్తే, మట్టం అక్కడికి దిగగానే గాలి పీల్చుకుని సైఫన్ తెగిపోతుంది. మూడు నెలలకే నా బెజ్జం నాచుతో పూడుకుపోయింది, అప్పటినుంచి నెలకోసారి టూత్‌పిక్‌తో పొడుస్తున్నాను. వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టుకోమని చాలామంది చెబుతారు. సున్నం పేరుకుని అది సరిగ్గా మూసుకోని రోజే కరెంటు పోతుంది, రాసి పెట్టుకోండి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి మాత్రం ఇంట్లో ఉంచండి. కరెంటు లేనప్పుడు చేపలకి ముందు కరువయ్యేది ఆక్సిజనే.

మీరు అడిగింది లైటు, స్కిమ్మర్ కదూ! చేపలు ఒకటి రెండే ఉన్నంతకాలం వారానికోసారి పదో వంతు నీళ్లు మారిస్తే స్కిమ్మర్ లేకపోయినా నడుస్తుంది. మెత్తటి పగడాలకి రీఫ్ (పగడాల) ట్యాంకుల కోసం చేసిన మామూలు ఎల్‌ఈడీ చాలు. అదైనా ఇవాళే కొననక్కర్లేదు. ఆ మొదటి ఆరు వారాలూ ట్యాంకు చీకట్లో ఉంటేనే మేలు, నాచు తక్కువ పడుతుంది.