ఈఎస్‌పీ32 వైఫై పదే పదే తెగిపోతుంటే ముందు కేబుల్, పెట్టె చూడండి

నేల తేమ కొలిచే ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిప్ బిగించిన చిన్న సర్క్యూట్) ఇంట్లో బల్ల మీద చక్కగా పనిచేస్తోందని, మిర్చి చేనులో మోటారు దగ్గర పెట్టగానే వైఫై దొరకడం లేదని, దొరికినా రెండు నిమిషాల్లో తెగిపోతోందని మీరు రాశారు. కోడ్ మూడుసార్లు తిరగరాశానన్నారు. నాలుగోసారి రాయకండి. బల్ల మీద నడిచిన కోడ్ చేనుకు వెళ్లగానే చెడిపోదు. మారినవి చోటు, కరెంటు, పెట్టె.

నేనూ ఈ తిప్పలన్నీ పడ్డాను. నర్సంపేట దగ్గర మా బాబాయికి రెండెకరాల మిర్చి ఉంది. హనుమకొండలో మా ఇంట్లో బోర్డును వారం రోజులు నడిపించి, ఇక ఫరవాలేదనుకున్నాకే అక్కడికి తీసుకెళ్లాను. చేను ఇంటిని ఆనుకునే ఉంటుంది, రౌటర్ యాభై అడుగుల దూరం కూడా లేదు. అయినా పది నిమిషాలకే బోర్డు తనంతట తాను రీస్టార్ట్ అవడం మొదలైంది. అడాప్టర్ నుంచి బోర్డు దాకా అందదని మూడు మీటర్ల సన్న కేబుల్ కొన్నాను. అదే కేబుల్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి, బోర్డు పంపే సందేశాలు చూపే సీరియల్ మానిటర్‌ను 115200 వేగానికి పెట్టి చూస్తే ‘బ్రౌనౌట్’ అన్న మాట మళ్లీ మళ్లీ పడుతోంది. వోల్టేజీ చాలక చిప్ తనను తాను ఆపేసుకుంటోందని దాని అర్థం.

వైఫై సంకేతం పంపే క్షణంలో ఈ చిప్ దాదాపు 240 మిల్లీఆంపియర్లు లాగుతుంది. అందుకే 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగల సరఫరా ఉండాలని దాని తయారీదారులే చెబుతారు. సన్న తీగలో ఆ కుదుపుకు వోల్టేజీ పడిపోతుంది. బోర్డు మీది రెగ్యులేటర్ 3.3 వోల్టులు సరిగా ఇవ్వాలంటే దానికి అంతకంటే ఒక వోల్టుకు పైగా ఎక్కువే అందాలి. మల్టీమీటర్ పెడితే నాకు 4.8 కనిపించింది, అంతా బాగుందనుకున్నాను. క్షణకాలం వచ్చి పోయే పతనాన్ని మామూలు మీటర్ పట్టుకోలేదు. పొట్టి, లావు కేబుల్ మార్చి, 5 వోల్టుల పిన్నుకూ గ్రౌండుకూ మధ్య ఆ కుదుపు క్షణంలో కాస్త కరెంటు అందించే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాక రీస్టార్టులు ఆగాయి. దాని ప్లస్, మైనస్ తారుమారు కాకుండా చూసుకోండి. బ్రౌనౌట్ డిటెక్టర్‌ను కోడ్‌లోనే ఆపేయమని కొందరు సలహా ఇస్తారు. దానివల్ల హెచ్చరిక ఆగుతుంది తప్ప వోల్టేజీ పెరగదు.

అంతటితో తీరిందనుకున్నాను. రీస్టార్టులు లేవు, వైఫై మాత్రం తెగుతూనే ఉంది. ఈసారి సిగ్నల్ బలాన్ని ప్రింట్ చేయించాను. బోర్డు చేతిలో ఉన్నప్పుడు మైనస్ 62, స్టార్టర్ పెట్టెలో పెట్టి మూత వేస్తే మైనస్ 89. ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బలం. ఇనుప పెట్టె! వానకు తడవకూడదని నేనే దాన్ని అందులో పెట్టాను.

“బాబాయ్, మూత తెరిచే ఉంచితే సరిపోతుంది” అన్నాను.

“తెరిచి ఉంచితే బల్లులు దూరతాయిరా. పోయినేడు ఒక బల్లి పడి స్టార్టర్ కాలింది, మోటారు రెండు రోజులు ఆగింది” అన్నాడు.

ఆయన చెప్పిందే సబబు. అసలు త్రీ ఫేజ్ కరెంటు ఉన్న పెట్టెలో ఇలాంటి బోర్డు పెట్టడమే నా బుద్ధి తక్కువ పని. మీరూ అందులోనే పెట్టి ఉంటే, మెయిన్ ఆపి ఇవాళే బయటికి తీయండి. నేను ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు తెచ్చి గోడకు బిగించాను. బోర్డు చివర కనిపించే వంకర రాగి గీతలే యాంటెన్నా. ఆ కొస రౌటర్ వైపు ఉండేలా, దాని దగ్గర తీగలూ స్క్రూలూ లేకుండా సర్దితే చాలు.

ఇవి చూశాక కూడా కలవకపోతే డిస్కనెక్ట్ అయినప్పుడు వచ్చే రీజన్ నంబర్ (ఎందుకు తెగిందో చెప్పే అంకె) ప్రింట్ చేయండి. 201 వస్తే ఆ పేరుతో నెట్‌వర్క్ కనిపించలేదని. ఈ చిప్‌కు 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 గిగాహెర్ట్జ్ తెలియదు, రౌటర్‌లో 2.4 ఆపేసి ఉందేమో చూడండి. 15 వస్తే చాలావరకు పాస్‌వర్డ్ తప్పు. రౌటర్ డబ్ల్యూపీఏ3 అనే భద్రతా పద్ధతి మాత్రమే అడుగుతుంటే డబ్ల్యూపీఏ2కు మార్చి ప్రయత్నించండి. కోడ్‌లో చూడాల్సింది ఒక్కటే: లూప్‌లో అర సెకనుకోసారి, రౌటర్‌తో కలవమని చెప్పే వైఫై బిగిన్‌ను పిలుస్తున్నారా? మొదటి ప్రయత్నం పూర్తికాకముందే రెండోది మొదలై ఏదీ ముగియదు. కనీసం పది సెకన్లు ఆగనివ్వండి.

తేమ సెన్సర్ ఏ పిన్నుకు కలిపారో రాయలేదు. నేను 26కు కలిపాను. వైఫై లేనప్పుడు అంకెలు సరిగానే వచ్చేవి, వైఫై కలవగానే అర్థం లేనివి వచ్చేవి. సెన్సరే పాడైందనుకుని రెండోది కూడా కొన్నాను. 26వ పిన్ను ఏడీసీ2 (వోల్టేజీని అంకెగా మార్చే రెండో భాగం) కిందికి వస్తుంది, వైఫై నడుస్తున్నప్పుడు దాన్ని చదవడం కుదరదు. తీగను 34కు మార్చాక పాత సెన్సరే సరిగా చెప్పింది. 32 నుంచి 39 వరకు ఉన్న పిన్నుల్లో మీ బోర్డు మీద బయటికి ఇచ్చినది ఏదైనా వాడుకోవచ్చు. కొత్త సెన్సర్ ఇంకా డబ్బాలోనే ఉంది.