హైవే మీద కుదిపే పాత వ్యాన్: లోపం ఇంజన్‌లోనా, గేర్‌బాక్స్‌లోనా?

ప్రశ్న: మా పెట్రోల్ వ్యాన్‌కు ఇరవై ఏళ్లు దాటాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్, ఆటోమేటిక్ గేర్లు. ఊళ్లో ఎంత తిప్పినా ఇబ్బంది లేదు. హైవే మీద అరగంట నడిచాక, వేగం 80, 90 కిలోమీటర్ల మధ్య నిలకడగా ఉన్నప్పుడు, ముఖ్యంగా రోడ్డు కొద్దిగా ఎత్తెక్కే చోట, ఎవరో వెనక నుంచి పట్టి లాగి వదిలినట్టు బండి కుదుపుతుంది. చెక్ ఇంజన్ లైటు వెలగడం లేదు. ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టర్ మార్పించినా తేడా రాలేదు. గేర్‌బాక్స్ విప్పాలని ఒక మెకానిక్, పెట్రోల్ పంపు మార్చాలని మరొకరు అంటున్నారు. ముందు ఏది చేయించమంటారు?

జవాబు: రెండూ ఇప్పుడే చేయించకండి. ఇద్దరు మెకానిక్‌లు చెప్పినవీ జరగగలిగేవే గాని, ఏది నిజమో తేల్చే పరీక్ష ఏదీ జరిగినట్టు మీ ఉత్తరంలో లేదు.

ముందుగా చక్రాల సంగతి పక్కన పెట్టవచ్చు. బ్యాలెన్స్ తప్పిన చక్రం గాని, గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు బలాన్ని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో అరిగిన జాయింటు గాని వేగంతో పాటు పెరిగే ఎడతెగని అదురును ఇస్తాయి. ఎక్సలరేటర్ వదిలినా ఆ అదురు చాలావరకు అలాగే ఉంటుంది. మీరు వర్ణించినది ఉండుండి వచ్చే గుంజుడు. అయితే ఇంజన్ మౌంటింగుల రబ్బరు చిట్లి ఉంటే చిన్న లోపం కూడా పెద్ద కుదుపుగా తెలుస్తుంది కనుక వాటిని ఒకసారి చూపించండి.

హైవే మీద బండి వేగం, ఇంజన్ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), ఇంజన్ మీద పడే లోడు మూడూ కలిసే పెరుగుతాయి కాబట్టి, అసలు కారణం వేరైనా మనకు అది '80 దాటితే వచ్చే జబ్బు'గానే కనిపిస్తుంది. ఈ మూడింటినీ విడదీయాలి. రద్దీ లేని రోడ్డు మీద, చూసినవి రాసుకోవడానికి పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకొని, టాప్ గేర్‌లో కుదుపు మొదలయ్యే వేగానికి వెళ్లండి. అదే వేగంలో ఓవర్‌డ్రైవ్ (హైవే కోసం ఉండే పై గేరు) ఆపి గాని, లివరును ఒక గేరు కిందికి దించి గాని నడపండి. వేగం మారకుండా ఆర్‌పీఎం పెరుగుతుంది, ఎక్సలరేటర్ నొక్కడానికి ఇంజన్ తేలికగా స్పందిస్తుంది. అప్పుడూ కుదుపు అచ్చంగా అలాగే ఉంటే షాఫ్టు, చక్రాల వైపు తిరిగి చూడవలసి వస్తుంది. కుదుపు పోతే అనుమానం లోడు మీదికి, లేదా గేర్‌బాక్స్‌లోని లాకప్ మీదికి మళ్లుతుంది. తక్కువ వేగంలో, కింది గేరులో, ఆర్‌పీఎం అదే అంకెకు చేరగానే కుదుపు వస్తే కారణం ఇంజన్ వైపే ఉంది.

లాకప్ గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే అనవసరంగా గేర్‌బాక్సులు విప్పించేది ఇక్కడే. ఆటోమేటిక్ బండిలో ఇంజన్ బలం టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ ద్వారా గేర్లకు చేరుతుంది. నిలకడ వేగంలో ఇంధనం ఆదా కావడానికి లోపలి క్లచ్ ఒకటి ఇంజన్‌ను, గేర్‌బాక్స్‌ను నేరుగా కలిపేస్తుంది; ఇదే లాకప్. చాలా బండ్లలో బ్రేక్ లైటు వెలగగానే ఆ పట్టు విడిపోతుంది. అందుకే కుదుపు వస్తున్నప్పుడు ఎక్సలరేటర్ కదల్చకుండా, వెనక ఏ వాహనమూ లేదని చూసుకొని, ఎడమ కాలితో బ్రేకును లైటు వెలిగేంత మాత్రమే తాకమంటారు. ఆర్‌పీఎం కొద్దిగా పెరిగి కుదుపు ఆగితే లాకప్ చెడిపోయిందని చాలామంది తీర్పు ఇచ్చేస్తారు. నేను ఆ తీర్పుతో ఏకీభవించను. పట్టు విడిపోగానే మధ్యలోకి వచ్చిన ఆయిల్, ఇంజన్ మిస్ కొట్టడం (ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం, అంటే మిస్‌ఫైర్) వల్ల వచ్చే కుదుపును కూడా మింగేస్తుంది. అంటే ఆగినంత మాత్రాన తప్పు లాకప్‌దే అని రుజువు కాలేదు.

తేడా తెలియాలంటే, నడుస్తున్న బండిలో లైవ్ డేటా చూపే స్కానర్ కావాలి. లాకప్ పట్టి ఉన్నప్పుడు ఇంజన్ ఆర్‌పీఎంకు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ఆర్‌పీఎంకు మధ్య తేడా దాదాపు ఉండదు. కుదుపు వేళ ఆ తేడా ఊగిసలాడితే లాకప్ క్లచ్ జారుతోంది. తేడా కదలకుండా ఏదో ఒక సిలిండర్ మిస్‌ఫైర్ లెక్క పెరుగుతుంటే గేర్‌బాక్స్ నిర్దోషి. స్కానర్ లేకున్నా కాలికి కొంత తెలుస్తుంది: లాకప్ జారుడు తేలిక ఎక్సలరేటర్ మీద వరసగా వచ్చే సన్నని అదురు, మిస్‌ఫైర్ ఎంత నొక్కితే అంత హెచ్చే, క్రమం లేని కుదుపు. తప్పు లాకప్‌దే అని తేలినా విప్పే ముందు, కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే ఉందా, మట్టం సరిగా ఉందా చూడండి, పాతదైతే మార్పించండి. వేరే గ్రేడు ఆయిల్ పోసినా ఈ అదురు వస్తుంది. ఆయిల్ నల్లబడి, మాడిన వాసనతో, లోహపు రజనుతో ఉంటే మాత్రం ఆయిల్ మార్పుతో పని జరగదు.

మీ ఉత్తరాన్ని బట్టి నా అనుమానం ఎక్కువగా ఇగ్నిషన్ మీదే. రోడ్డు ఎత్తెక్కేటప్పుడు సిలిండర్‌లోకి పెట్రోల్, గాలి మిశ్రమం ఎక్కువగా చేరి ఒత్తిడి పెరుగుతుంది. అంత ఒత్తిడిలో ప్లగ్గు మంట కొట్టాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ వోల్టేజీని పుట్టించే కాయిల్ గాని, దాన్ని ప్లగ్గుకు చేర్చే హెచ్‌టీ వైరు గాని, ప్లగ్గు మీది రబ్బరు బూటు గాని ఎక్కడైనా పగిలి ఉంటే ఆ వోల్టేజీ అక్కడే బయటికి దూకుతుంది. ఊళ్లో లోడు తక్కువ కనుక లోపం బయటపడదు; కాయిల్ వేడెక్కితే దాని లోపలి ఇన్సులేషన్ ఇంకా బలహీనపడుతుంది కనుక అరగంట పడుతుంది. ప్లగ్గులు మార్చినా వైర్లు, బూట్లు, కాయిల్ పాతవే అయితే సగం పనే అయింది. చీకట్లో ఇంజన్ నడుస్తుండగా వైర్ల మీద నీటిని సన్నని తుంపరగా చల్లి దూరంగా నిలబడి చూస్తే నీలి మెరుపులు కనిపించవచ్చు. ఆ సమయంలో వేటినీ ముట్టుకోకూడదు.

పెట్రోల్ చాలకపోతే లక్షణం వేరు. కుదుపు కన్నా ముందు లాగుడు తగ్గుతుంది, ఎక్సలరేటర్ వదిలి కొంతసేపు తేలికగా నడిపితే బండి కోలుకుంటుంది. ఐడిలింగ్‌లో ప్రెషర్ బాగుందని పంపుకు మంచి మార్కులు వేయకూడదు. లోడు మీద నడుస్తున్నప్పుడు గేజ్‌లో ముల్లు పడిపోతోందా అన్నదే లెక్క. పడిపోతే పంపు కొనే ముందు దాని కనెక్టరు దగ్గర వోల్టేజీ కొలిపించండి, ఎందుకంటే పాత బండిలో తుప్పు పట్టిన ఎర్తు వైరు మంచి పంపును కూడా చెడ్డదిగా చూపిస్తుంది. ట్యాంకు మూతలోని గాలి దారి మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. కుదుపు వచ్చిన వెంటనే ఆగి మూత తెరిచినప్పుడు గాలి గట్టిగా లోపలికి పీల్చుకుంటే అది చవకగా తీరే సమస్య.

మరొకటి: కుదుపు ఎక్సలరేటర్ ఒక్క స్థానంలోనే వచ్చి, వెంట్రుకవాసి ఎక్కువ తక్కువలకు పోతుంటే ఎక్సలరేటర్ ఎంత నొక్కారో కంప్యూటర్‌కు తెలిపే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ చూపించండి. ఏళ్ల తరబడి ఒకే వేగంలో నడిపిన బండ్లలో దాని ట్రాక్ సరిగ్గా ఆ చోటే అరుగుతుంది.

చెక్ ఇంజన్ లైటు వెలగలేదంటే కంప్యూటర్‌లో ఏమీ నమోదు కాలేదని కాదు. ఓబీడీ-2 (లోపాలను కోడ్లుగా దాచుకొనే వ్యవస్థ) ఉన్న బండ్లలో ఒక్క ప్రయాణంలో కనిపించిన లోపం చాలాసార్లు పెండింగ్ కోడ్‌గా ఉండిపోతుంది. పీ0301, పీ0302 వంటివి దొరికితే చివరి అంకె సిలిండర్ నంబరును చెబుతుంది, పీ0300 అయితే ఒక్కదానికే పరిమితం కాని మిస్‌ఫైర్. కనుక మొదట కోడ్లు చదివించి, ఆ తర్వాత వైర్లు, కాయిల్, ఆపైన ప్రెషర్ చూపించండి. ఈలోగా ఎప్పుడైనా ఆ లైటు మిణుకుమిణుకుమంటే నడపడం ఆపాలి. మండని పెట్రోల్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది.

ప్రశ్న: మాది మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ వ్యాన్, మామూలు గేర్లు. ఇదే వేగంలో, ఇలాగే కుదుపుతుంది. ప్లగ్గులు, కాయిల్ లేవు కదా, ఎక్కడ వెతకాలి?

జవాబు: గాలి కోసం వెతకండి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న దారి పీల్పు మీద నడుస్తుంది కనుక పైపు సన్నగా చిట్లినా డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. ఎక్కువ వేగంలో పీల్పు ఎక్కువ కాబట్టి కుదుపు అప్పుడే తెలుస్తుంది. పంపుకు ముందు పారదర్శకమైన పైపు ముక్క ఒకటి తాత్కాలికంగా పెట్టించి చూస్తే బుడగలు కనబడతాయి. బుడగలు లేకపోతే ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలండి. ఆ తర్వాత ట్యాంకు లోపలి జల్లెడ చూపించండి; అది మూసుకుపోతే బండి కుదిపి, ఆపి కాసేపు ఉంచితే మట్టి కిందికి దిగి మళ్లీ బాగా నడుస్తుంది, కొంత దూరం పోయాక మళ్లీ మొదలవుతుంది.