పని వాతావరణం, వైవిధ్యం కంపెనీ ఫలితాలను నిజంగా మారుస్తాయా?

మారుస్తాయి. ఈ ప్రశ్న వినగానే నాకు గుర్తొచ్చేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కార్ల ఫ్యాక్టరీ. జనరల్ మోటార్స్ చేతిలో ఉన్నప్పుడు అక్కడ యాజమాన్యానికీ కార్మికులకూ అస్సలు పడేది కాదు. డ్యూటీ ఎగ్గొట్టేవాళ్లు ఎక్కువ, కార్లలో లోపాలూ ఎక్కువే. 1982లో మూసేశారు. టయోటాతో కలిసి 1984లో ‘న్యూమీ’ (NUMMI) పేరుతో మళ్లీ తెరిచారు. పనిలోకి తీసుకున్నది చాలావరకు ఆ పాత కార్మికులనే!

మారింది పద్ధతి. కార్లు బిగించే లైన్ పక్కన ఒక తాడు వేలాడుతుండేది. బోల్టు సరిగ్గా బిగుసుకోకపోతే కార్మికుడు ఆ తాడు లాగేవాడు. టీమ్ లీడర్ వెంటనే వచ్చి సాయం చేసేవాడు, తిట్టేవాడు కాదు. అప్పటికీ తేలకపోతే లైన్ ఆగేది. పాత రోజుల్లో లైన్ ఆపడమంటే ఉద్యోగం మీదికి తెచ్చుకోవడమే. కొద్దికాలంలోనే నాణ్యత పెరిగింది, గైర్హాజరు బాగా తగ్గింది.

ఇక వైవిధ్యం, అంటే టీమ్‌లో రకరకాల మనుషులు ఉండటం. అది లేకపోతే కొన్ని అవసరాలు ఎవరికీ తట్టవు. 2014లో వచ్చిన యాపిల్ హెల్త్ యాప్‌లో బీపీ నుంచి తిన్న సోడియం దాకా నమోదు చేసుకోవచ్చు, నెలసరి తప్ప. విమర్శలు వచ్చాక మరుసటి ఏడాది చేర్చారు. ఎంతోమంది మహిళలకు కావలసింది అంత సులువుగా జారిపోయింది.

అయితే రకరకాల మనుషుల్ని చేర్చుకున్నంత మాత్రాన సరిపోదు. నేను పనిచేసిన ఒక టీమ్‌లో ఐదు రాష్ట్రాల వాళ్లం ఉండేవాళ్లం. మీటింగులో మాట్లాడేది మాత్రం ఇద్దరే. కొత్తవాళ్లకు లోపం కనిపించినా మేనేజర్ మొహం చూసి ఊరుకునేవాళ్లు. కస్టమర్ ఫోన్ చేసేదాకా అది బయటపడేది కాదు.