‘నీ దారిలో వెలుగుండాలి’ అని ఎల్విష్‌లో ఎలా చెప్పాలి?

దూరం వెళ్తున్న స్నేహితుడికి కార్డు మీద రాయడానికి అడిగారు కాబట్టి, ముందు భాష తేల్చుకుందాం. ఎల్విష్ అంటే ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్ తన కథల్లోని ఎల్ఫ్ అనే కల్పిత జాతికి సృష్టించిన భాషలు. వాటిలో ముఖ్యమైనవి రెండు: క్వెన్యా, సిందారిన్. దీవెనకు నా ఓటు క్వెన్యాకే. అది ఎల్ఫ్‌ల గ్రాంథికం లాంటిది, పైగా ఆశీర్వాద వాక్యానికి ఆయన రాసిన నమూనాలే దొరుకుతాయి.

‘నై అనర్ కలువ తియెల్యన్న.’ అంటే, నీ దారిపై సూర్యుడు ప్రకాశించుగాక.

‘నై’ అంటే ‘అలా జరగాలి’ అని. దాని వెనక క్రియ భవిష్యత్ కాలంలో వస్తుంది. ‘అనర్’ సూర్యుడు. ‘కలువ’ మన పువ్వు కాదు, ‘ప్రకాశిస్తుంది’ అని అర్థం. చివరి మాట చూస్తే మనకు చుట్టరికం కనిపిస్తుంది: ‘తియె’ దారి, ‘ల్య’ నీ, ‘న్న’ వైపుకి. విభక్తి మనలాగే చివర అతుక్కుంది. కాకపోతే ‘నీ’ కూడా వెనకే చేరింది.

‘ల్య’ కాస్త మర్యాద రూపం. బాగా దగ్గరివాళ్లయితే ‘తియెత్యన్న’ అనొచ్చు. చివర్లో ‘నమారియె’ చేర్చండి, వీడ్కోలు మాట అదే.