అమ్మలూ, 9 వస్తే ఏంటో ముందు లెక్క వేసుకో

అమ్మలూ,

పార్ట్‌టైమ్ ఉద్యోగంలో దాచుకున్న డబ్బుతో ఆటగాళ్ల బొమ్మలుండే స్పోర్ట్స్ కార్డులు కొని, గ్రేడింగ్ చేయించి, అంటే కార్డు ఎంత బాగుందో చూసి 10కి ఇన్ని అని కంపెనీవాళ్లతో మార్కు వేయించి, అమ్మాలనుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వినగానే ఎంత గర్వంగా అనిపించిందో. మనింట్లో పిల్లలెవరైనా ఈ కార్డుల వైపు చూస్తారని నేను ఏనాడూ అనుకోలేదు. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. గ్రేడింగ్ ఫీజులు క్రెడిట్ కార్డు మీద పెడతానన్నావట. ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. కార్డు చేతికి రాగానే పెన్నీ స్లీవ్ అనే పల్చటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టు, గ్రేడింగ్‌కు పంపేటప్పుడు సెమీ రిజిడ్ హోల్డర్ అనే కాస్త గట్టి తొడుగు వాడు. ఈబేలో అమ్మేవాళ్లు అడుగుతున్న ధర వదిలేసి, అమ్ముడైన ధర చూడు. స్లాబ్, అంటే గ్రేడ్ వేసి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసిన కార్డు, కొంటుంటే లేబుల్ మీది నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి, అక్కడ ఫొటో ఉంటే దానితో పోల్చు. అసలైన నంబరునే దొంగ లేబుల్ మీద అచ్చేసి అమ్మేవాళ్లున్నారు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

ఏ కంపెనీకి పంపాలి అన్నదాని మీద నువ్వు చాలా చదివావని మీ నాన్న అన్నాడు. నాకు తోచింది కూడా విను. గ్రేడింగ్ కంపెనీల్లో పీఎస్ఏ 1991 నుంచి ఉంది. కొత్త కార్డులకు కొనేవాళ్లు ఎక్కువమంది అడిగేది వాళ్ల 10నే, అందుకే అది త్వరగా అమ్ముడుపోతుంది. బెకెట్ వాళ్ల బీజీఎస్ 1999లో వచ్చింది. సెంటరింగ్ (బొమ్మ కార్డుకు సరిగ్గా మధ్యలో ఉందా అన్నది), కార్నర్లు, ఎడ్జెస్, సర్ఫేస్ నాలుగింటికీ విడివిడిగా మార్కులు వేయడం వాళ్ల ప్రత్యేకత. నాలుగూ 10 అయితే బ్లాక్ లేబుల్ ఇస్తారు. దాని ధర పీఎస్ఏ 10ని ఎన్నో రెట్లు దాటిపోవచ్చు. కానీ అదే కంపెనీ ఇచ్చే 9.5 మాత్రం చాలాసార్లు పీఎస్ఏ 10 కంటే తక్కువకే పోతుంది. పాత బేస్‌బాల్ కార్డులవాళ్లు ఎస్‌జీసీ అనే ఇంకో గ్రేడింగ్ కంపెనీని గౌరవిస్తారు. 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైన బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ కార్డు (టాప్స్ కంపెనీ 1952లో వేసింది) ఉన్నది ఎస్‌జీసీ 9.5 స్లాబ్‌లోనే. 2024లో ఆ ఎస్‌జీసీని కూడా పీఎస్ఏ యజమాని సంస్థే కొనేసింది. నేను చెప్పొచ్చేదేంటంటే, కార్డు అదే, కార్నర్లు అవే, లేబుల్ మారితే ధర మారుతుంది. రేపు దాన్ని కొనేవాడు ఏ లేబుల్‌ను నమ్ముతాడో ముందు చూసుకుని పంపు.

అలాగని లేబుల్‌ను దేవుణ్ణి చేయకు. పీఎస్ఏ మొట్టమొదట గ్రేడ్ చేసింది టీ206 అనే పాత సిరీస్‌లోని బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు. దానికి 8 ఇచ్చారు. 2007లో అది 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఆ కార్డు బాగా కనపడాలని అంచులు తానే కత్తిరించానని, వేలంపాటలు నడిపే బిల్ మాస్ట్రో అనే పేరుమోసిన మనిషి 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. ఈ రంగంలో అన్నిటికంటే పేరున్న కార్డు విషయంలోనే అలా జరిగింది. గ్రేడ్ అంటే ఒక మనిషి కాసేపు చూసి చెప్పిన అభిప్రాయమేనని ఎప్పుడూ గుర్తుపెట్టుకో. అంచులు కత్తిరించినట్టు వాళ్లు పట్టుకుంటే అంకె వేయరు, ఆల్టర్డ్, అంటే మార్పు చేసిన కార్డు అని రాసి పంపిస్తారు. చాలాసార్లు ఫీజు కూడా తిరిగి రాదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర పాత కార్డు స్లాబ్ లేకుండా కొనాలంటే నాకు ఇప్పటికీ భయమే.

ఇక అసలు సంగతి. అందరూ 10 ధర చూసి కార్డు కొంటారు. నువ్వు 9 ధర చూసి కొను.

ఫ్లీర్ కంపెనీ 1986లో వేసిన బాస్కెట్‌బాల్ ఆటగాడు మైఖేల్ జోర్డాన్ కార్డుకు పీఎస్ఏ 10 వచ్చినవి కొన్ని వందలే ఉన్నాయి. 9 వచ్చినవి వేలల్లో ఉన్నాయి. అందుకే 10 పలికేదాంట్లో 9కి పదో వంతు అటూ ఇటూగా వస్తుంది. కంటికి తేడా తెలియని రెండు కార్డుల మధ్య అంత దూరం. ఇంకో పక్క అప్పర్ డెక్ కంపెనీ 1989లో వేసిన బేస్‌బాల్ ఆటగాడు కెన్ గ్రిఫీ జూనియర్ కార్డు ఉంది. మేం ఈ దేశం వచ్చిన కొత్తలో ఆ పెట్టెలు కొని, పిల్లల చదువుకు పనికొస్తాయని అటకల మీద దాచుకున్నవాళ్లను నేను స్వయంగా చూశాను. ఎంతో ఆశ, ఎంతో నమ్మకం వాళ్లది. అందరూ దాచుకున్నారు కాబట్టి అందరి దగ్గరా ఉన్నాయి. ఇవాళ ఆ కార్డుకు 10లే వేలల్లో ఉన్నాయి. అందుకే కొనేముందు పాప్ రిపోర్ట్ చూడమనేది. ఏ కార్డు ఏ గ్రేడ్‌లో ఎన్ని ఉన్నాయో అందులో తెలిసిపోతుంది.

క్రోమ్, ప్రిజమ్ అని వచ్చే కొత్త మెరిసే కార్డులతో మరీ జాగ్రత్త. వాటికి 10లు బోలెడు వస్తాయి. అందువల్ల 9ని ఎవరూ పట్టించుకోరు. ఒక్కోసారి 9 ధర, స్లాబ్ లేని కార్డు ధర ఒకటే. అంటే నువ్వు కట్టిన ఫీజు గాల్లో కలిసినట్టే.

మీ నాన్నకు జరిగింది ఇదే. నీకు రాయమని తనే అన్నాడు, లేకపోతే నేను ఈ విషయం ఎత్తేవాణ్ణి కాదు.

కోవిడ్ రోజుల్లో అందరూ ఇళ్లల్లో ఉన్నారు, కార్డుల ధరలు ఆకాశాన్నంటాయి. 2021 జనవరిలో ఆ జోర్డాన్ 10 ఒకటి 7,38,000 డాలర్లు పలికింది. ఆ వార్త చూసినవాళ్లలో నిలకడగా ఉన్నవాళ్లు తక్కువ. మీ నాన్న బాస్కెట్‌బాల్ కుర్రాళ్ల రూకీ కార్డులు, అంటే వాళ్ల తొలి సీజన్ కార్డులు, కొనడం మొదలుపెట్టాడు. కొన్ని జీతంలోంచి కొన్నాడు, తర్వాతవి క్రెడిట్ కార్డు మీద. ఒక శనివారం మీ ఇంటికి వస్తే డైనింగ్ టేబుల్ నిండా కార్డులే. పక్కన నోట్‌బుక్‌లో ప్రతి కార్డు ఎదురుగా ఒక అంకె, ఆ అంకె 10 ధర. ఒక్క వరుసలోనూ 9 ధర లేదు. నేను ఒక కార్డు తీసి టేబుల్ లైటు కింద ఏటవాలుగా పట్టుకున్నాను. ఆటగాడి మోకాళ్ల దగ్గర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తల వెంట్రుకంత గీత ఉంది. ప్రెస్‌లోనే పడిన గీత. నిటారుగా చూస్తే కనపడదు, వంచితేనే మెరుస్తుంది. ఇంకోటి తీస్తే దానికీ అక్కడే గీత. ఒకే పెట్టెలోవి కదా. "అన్నయ్యా, వాళ్లు ఇంత వివరంగా చూడరు" అన్నాడు. చూడటమే వాళ్ల పని కదరా అన్నాను. వినలేదు. అన్నీ పంపేశాడు.

ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. ఆ రోజుల్లో కార్డులు కొండల్లా పేరుకుపోయి అందరికీ ఆలస్యమైంది. 2021 మార్చి 30న పీఎస్ఏ తక్కువ ఫీజు సర్వీసులన్నీ ఆపేసిందంటే ఎంత రద్దీనో ఊహించుకో. మీ నాన్న కార్డులు తిరిగొచ్చేసరికి ఏడాది దాటింది. వాటిల్లో ఎక్కువ 9లు, కొన్ని 8లు. ఈలోగా ధరలు కూలిపోయాయి. ఆ జోర్డాన్ 10 కూడా కొన్ని నెలల్లోనే తన రేటులో సగానికి పైగా పోగొట్టుకుంది. ఏడాదంతా క్రెడిట్ కార్డు వడ్డీ మాత్రం ఆగలేదు. పెట్టె తెరిచిన రోజు మీ నాన్న ఎవరితోనూ మాట్లాడలేదని మీ అమ్మ నాకు ఫోన్ చేసింది. ఆ అప్పు తీర్చడానికి తనకు ప్రాణమైన పాత కార్డులు అమ్ముకున్నాడు. నీకు చిన్నప్పుడు చూపించిన నీలం బైండర్ గుర్తుందా? అది అప్పుడే పోయింది.

నీ మీద నమ్మకం లేక ఇది రాయడం లేదు, తల్లీ. కార్డులు ఎవరి దగ్గరో ఉండి, అప్పు నీ దగ్గర ఉండే పరిస్థితి నీకు రాకూడదు. నా భయమంతా అదే.

ఒక లెక్క వేసి చూపిస్తాను. కార్డు 40 డాలర్లకు కొన్నావు, ఫీజు, పోస్టేజీ కలిపి ఇంకో 30 అనుకో. మొత్తం 70. 10 వచ్చి 150కి అమ్మితే, ఈబే దాదాపు 13 శాతం తీసుకున్నాక నీ చేతికి 130 వస్తుంది. 60 మిగిలింది. 9 వచ్చి 50కి అమ్మితే చేతికొచ్చేది 43, అంటే 27 నష్టం. ఇలాంటి కార్డుల్లో మూడింట ఒకటికైనా 10 రాకపోతే నీకు మిగిలేదేమీ లేదు. 8 వచ్చేవి ఇందులో కలపనే లేదు. ఇంకో సంగతి, కార్డు విలువ నువ్వు ఫారంలో రాసిన దానికంటే బాగా ఎక్కువని తేలితే పై శ్రేణి ఫీజు వసూలు చేస్తారు. మంచి గ్రేడ్ వచ్చిందని సంతోషపడేలోపు బిల్లు వస్తుంది. దానికీ డబ్బు పక్కన పెట్టుకో.

పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం, సెంటరింగ్ కొలిచే స్కేలు కొనుక్కో. కొత్త కార్డుకు పీఎస్ఏ 10 కావాలంటే ముందు వైపు సెంటరింగ్ 55/45 దాటకూడదు, అంటే బొమ్మకు రెండు వైపులా ఉన్న అంచుల వెడల్పుల మధ్య తేడా అంతకంటే ఎక్కువ ఉండకూడదు. స్కేలు పెడితే సగం కార్డులు అక్కడే ఆగిపోతాయి, ఆ మేరకు నీకు ఫీజు మిగులుతుంది. మెరిసే కార్డును పంపేముందు లైటు కింద అన్ని వైపులకూ వంచి చూడు. రాత్రిపూట అలసిపోయి ఉన్నప్పుడు మాత్రం చూడకు, ఆ టైమ్‌లో మనకు కావాల్సిందే కనపడుతుంది.

మొదటి విడతకు పది కార్డులు చాలు. వాటి ఫీజు నేను కడతాను. వడ్డీ లేదు, ఎప్పుడిస్తావని అడగను. పంపేముందు ఒక్కో కార్డుకు ఎంత వస్తుందనుకుంటున్నావో, ఎందుకనుకుంటున్నావో కాగితం మీద రాసి నాకు పంపు. గ్రేడ్లు వచ్చాక ఇద్దరం కూర్చుని పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. నీ అంచనా ఎక్కడ తప్పిందో తెలిసిన తర్వాతే రెండో విడత మాట మాట్లాడదాం. ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ చెయ్యి, కార్డులు, లైటు దగ్గర పెట్టుకో. మీ నాన్నను కూడా కూర్చోమను. ఆ గీతలు ఇప్పుడు నాకంటే తనే బాగా పట్టుకుంటాడు.

ప్రేమతో,
పెద్దనాన్న